ఎర్రమట్టి కాళ్ళ తీర్పు

కాళ్ళకు మట్టి అంటినంత మాత్రాన మనిషి దొంగవుతాడా? అవుతాడని కుంభినీపురంలో నిండు కొలువు తీర్పు చెప్పింది. ఆ తీర్పు విన్నప్పటి నుంచి గైరికదేశపు రాజకుమారి తరళకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండుతూనే ఉంది.

జరిగింది ఇది. తరళ తండ్రి గైరిక మహారాజుకు ఉన్నట్టుండి చూపు పోయింది. కుంభినీపురం ఖజానాలోని చంద్రమణి వెలుగు సోకితే తప్ప ఆ చూపు తిరిగి రాదని వైద్యులు తేల్చారు. పొరుగు రాజు బిడ్డ అని తెలిస్తే కోటలోకి రానివ్వరని తరళ మగవేషం కట్టింది. తరళదత్తుడనే విద్యార్థినని చెప్పుకుంటూ, తన దాది కొడుకు శరభుణ్ణి తోడు తీసుకుని కొండలు దాటి వచ్చింది. వాళ్ళు ఊళ్ళో అడుగుపెట్టిన రోజే మణి మాయమైంది. ఖజానా గుమ్మంలో ఎర్రమట్టి అడుగులు కనిపించాయి. గైరికదేశమంతా ఎర్రనేలే. తరళ గుర్రం మీద వస్తే, శరభుడు కళ్ళెం పట్టుకుని ఆ దారంతా నడిచాడు. అతని కాళ్ళకు ఎర్రమట్టి కాక మంచిగంధం అంటుతుందా?

ఆస్థాన తార్కికుడు ధూమాంగుడు కొలువులో లేచి రెండు ముక్కల్లో పని కానిచ్చేశాడు. దొంగలందరి కాళ్ళకూ ఎర్రమట్టి ఉంటుందట. శరభుడి కాళ్ళకు ఎర్రమట్టి ఉందట. కనుక శరభుడు దొంగట! కొలువంతా భేష్ అని తలలూపింది. పులులన్నిటికీ నాలుగు కాళ్ళుంటాయి, మీ ఇంటి పాడియావుకూ నాలుగు కాళ్ళే ఉన్నాయి, మరి రేపటి నుంచి చెంబు పట్టుకుని పాలు పితకడానికి వెళ్తారా అని అడిగినవాడు ఒక్కడు లేడు. అంతమంది శాలువాలు కప్పుకున్న పెద్దలు, అంత చదువు, అన్ని బిరుదులు! ఏట్లో కలపనా ఆ చదువులు?

శిక్ష ఏమిటంటే, శరభుణ్ణి గద్దలబండ మీంచి లోయలోకి తోసెయ్యడం. అంతవరకూ సాక్ష్యం చెరిగిపోకూడదని చెరసాలలో అతని కాళ్ళకు చుక్క నీరు తగలనివ్వలేదు. బురద ఎండి, చర్మం పగిలి, అతను కుంటుతూ నడుస్తుంటే భటులు నవ్వారు. ఆ నవ్వు చూసినప్పుడే తరళ ఒట్టు పెట్టుకుంది, శరభుణ్ణి తీసుకునే ఈ ఊరు విడుస్తానని.

అందుకు ఉన్న దారి ఒక్కటే. వాక్యమండపం.

కోట నడిబొడ్డున, తామరల కొలను మధ్య ఉండేది ఆ మండపం. తెల్లని చలువరాతి నేల, పగడపు రంగు పైకప్పు, కప్పు అంచుల వెంట గాలి తగిలితే మోగే వెండి చిరుగంటలు, ముత్యాలు కుట్టిన తెరలు. స్వర్గం నుంచి ఒక ముక్క విరిగి పడిందా అనిపించేటంత అందం. స్తంభాల దగ్గరికి వెళ్తే మాత్రం ఆ భ్రమ తీరిపోతుంది. వాటిలో కొన్ని శిల్పులు చెక్కినవి. తక్కినవన్నీ ఒకనాటి మనుషులు. చేతులు జోడించినవాళ్ళు, నోరు తెరిచి ఏదో చెప్పబోతున్నవాళ్ళు, అలా ఉన్నవాళ్ళు ఉన్నట్టే రాయైపోయి తలల మీద కప్పును మోస్తూ నిలబడ్డారు.

మండపం మధ్యలో నల్లని వాక్యపీఠం ఉంది. దాని మీద కూర్చున్నవాడు ఏ మాటంటే ఆ మాట ఆ మండపం లోపల నిజమవుతుంది, జవాబు వచ్చేదాకా అలాగే ఉంటుంది. తీర్పు మీద మొర పెట్టుకున్నవాళ్ళు అతను చెప్పిన మాటల్లోంచి ఏది తేలుతుందో అదే చెప్పాలి. లోకంలో తమకు తెలిసింది కలపకూడదు, చెప్పని దాన్ని ఊహించకూడదు. సరిగ్గా చెబితే కప్పుకు వేలాడే కంచుగంట దానంతటదే మోగుతుంది. ఆ మండపంలో ఎవరు తప్పు చెప్పినా రాయవుతారు. మూడు ప్రశ్నలు. మూడో ప్రశ్నలో పీఠమెక్కినవాడు తీర్పు ఏ మాటల మీద నిలబడిందో ఆ మాటలనే చదవాలని పూర్వం ఎవరో శాసనం చేశారు. అయితే ఇంతవరకూ ఎవరూ మూడో ప్రశ్న దాకా బతికి రాలేదు కనుక ఆ శాసనం గురించి ఇప్పుడు పీఠమెక్కే ధూమాంగుడు ఎన్నడూ ఆలోచించలేదు.

ఆచారం ప్రకారం రాజు కుంభీరవర్మతో సహా అందరూ చెప్పులు విడిచి, వాకిట్లోని గంగాళాల నీళ్ళతో కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చారు. సంకెళ్ళతో ఉన్న శరభుణ్ణి మాత్రం ఆ బురద కాళ్ళతోనే లాక్కొచ్చి ఒక మూల నిలబెట్టారు.

"దత్తు బాబూ, మీకెందుకీ గొడవ? నా రాత ఇలా ఉంది. తెల్లగుర్రం ఎక్కి వెళ్ళిపోండి. పెద్దయ్యగారికి చూపు ముఖ్యం" అన్నాడు శరభుడు గొంతు తగ్గించి.

"నోరు మూసుకో శరభన్నా. నీ రాత రాయడానికి వాడెవడు?" అంది తరళ పళ్ళు కొరుకుతూ.

ఆమె పక్కన ఇంకొకడు మొరపెట్టుకోవడానికి వచ్చి ఉన్నాడు. బిల్వకుడని నూనె వ్యాపారి, బొద్దుగా, చెమటలు కక్కుతూ. మంత్రగత్తెలందరూ పిల్లుల్ని పెంచుతారు, ఇతని భార్య పిల్లిని పెంచుతోంది, కనుక మంత్రగత్తె అని ఆమెను చెరలో వేశారు. "మా ఇంట్లో ఎలుకలు బాబూ, నూనె కొట్టు కదా. పిల్లిని పెంచక ఏనుగును పెంచుతామా?" అని వాపోయాడు బిల్వకుడు. "అయినా నాకు భయం లేదు. చావిడివీధి ఒజ్జ దగ్గర కిటుకులన్నీ వల్లె వేశాను. మాటల్లో 'అన్నీ, అన్నీ' అని రెండుసార్లు వస్తే అడిగినవన్నీ సరే అనేయడమే."

తరళ అతని వైపు తిరిగింది. "అయ్యో, అదేం కిటుకండీ? మన ముందున్న ఈ ఇసుకలో సున్నాలు గీసి చూసుకోండి" అనబోయేలోపే ధూమాంగుడు పీఠమెక్కాడు. బూడిదరంగు గడ్డం, పాదాలు కప్పే పట్టు అంగీ, అందరినీ పురుగుల్లా చూసే చూపు.

"మొదటి ప్రశ్న. ఈ మండపంలోని కాకులన్నీ రాళ్ళు. రాళ్ళన్నీ ఎగురుతాయి."

అన్నాడో లేదో, కప్పు అంచున వాలిన కాకులు టపటపా రాళ్ళై రాలాయి. రాలినవి నేల తాకకుండానే రివ్వున పైకి లేచాయి. గోడ మూలనున్న బండరాళ్ళు, మెట్ల పక్క గుండ్లు, మనుషులంత స్తంభాలు కూడా నేల విడిచి గిరగిరా తిరగసాగాయి. కప్పు గాలిలో తేలింది. ఒక గుండ్రాయి తరళ తలపాగాను రాసుకుంటూ పోయింది. శాలువాల పెద్దలు బల్లల కింద దూరారు.

"కాకులన్నీ ఎగురుతాయి, ఇది ఒకటి. ఎగిరేవన్నీ కాకులు, ఇది రెండు. ఏది తేలుతుంది?" అని గర్జించాడు ధూమాంగుడు.

మొరపెట్టుకున్న ప్రతివాడి ఎదుటా ఒక ఇసుకపళ్ళెం ఉంటుంది. తరళ బోర్లా పడుకుని, తల మీదుగా బండలు పోతుంటే, వేలితో ఇసుకలో ఒక చిన్న సున్నా గీసింది. అవి కాకులు. దాని చుట్టూ రాళ్ళ సున్నా. దాని చుట్టూ ఎగిరేవాటి పెద్ద సున్నా. చిన్నది పెద్దదానిలో ఉంది, పెద్దది చిన్నదానిలో లేదు. అంతే కదా! లోకంలో రాయి ఎగరదన్న సంగతి ఇక్కడ చెల్లదు.

"మొదటిది తేలుతుంది. రెండోది తేలదు!" అని అరిచింది.

"రెండూ తేలతాయి!" అని అదే క్షణంలో అరిచాడు బిల్వకుడు.

గంట ఖణేల్మంది. రాళ్ళన్నీ ఎక్కడివక్కడ కుదురుకున్నాయి. బిల్వకుడు తన పాదాల వైపు చూసుకున్నాడు. అవి తెల్లబడుతున్నాయి. "కిటుకు..." అన్నాడు, ఆ మాట సగంలో పెదవులు రాయైపోయాయి. బొద్దుగా ఉన్న ఆ మనిషి స్తంభమై కప్పుకింద నిలిచాడు. చెరలో ఎదురుచూస్తున్న భార్యకు ఈ కబురు ఎవరు చెబుతారు? అర్థం చెప్పకుండా కిటుకులు అమ్ముకున్న ఆ ఒజ్జ ఈపాటికి భోజనం చేసి కునుకు తీస్తుంటాడు! తరళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని కోపంతో తుడిచేసుకుంది.

"రెండో ప్రశ్న" అన్నాడు ధూమాంగుడు తాపీగా. "ఈ మండపంలో కొన్ని స్తంభాలు పులులు. పులుల్లో కొన్ని ఆకలితో ఉన్నాయి."

తరళకు ఎదురుగా ఉన్న స్తంభం ఒళ్ళు విరుచుకుంది. చారలు తేలాయి, తోక లేచింది, కళ్ళు నిప్పుల్లా వెలిగాయి. అది అడుగులో అడుగు వేస్తూ వచ్చి తరళ భుజం వాసన చూసింది. దాని నోట చొంగ కారి ఆమె ఉత్తరీయం తడిసింది.

"నీ ఎదుట ఉన్న పులి ఆకలితో ఉంది, ఒకటి. నీ ఎదుట ఉన్న పులి ఆకలితో లేదు, రెండు. చెప్పు విద్యార్థీ!"

"బాబూ, చొంగ చూడండి! ఆకలే, ఆకలే!" అని మూల నుంచి గోలపెట్టాడు శరభుడు. రాయి కాకుండా బతికిపోయాడు, అది తేల్చి చెప్పిన మాట కాదు, భయంతో పెట్టిన కేక కనుక మండపం దాన్ని లెక్కలోకి తీసుకోలేదేమో.

తరళ ఆ మాటలనే మళ్ళీ తలుచుకుంది. చొంగ కళ్ళకు కనిపిస్తోంది, కానీ ధూమాంగుడి మాటల్లో చొంగ లేదు. ఆకలిగొన్న కొన్ని పులుల్లో ఇది ఉందో లేదో అతను చెప్పలేదు. పులి నాలుకతో ఆమె చెవి నాకింది. పారిపొమ్మని కాళ్ళు చెబుతున్నాయి. ఆమె కదల్లేదు.

"ఈ రెంటిలో ఏదో ఒకటి నిజం. అది ఏదో తమరు చెప్పిన మాటల్లో లేదు" అంది.

గంట మోగింది. పులి స్తంభమైంది. పెద్దల్లో ఒకరిద్దరు తమను తాము మరిచిపోయి చప్పట్లు కొట్టి, ధూమాంగుడి చూపు తగలగానే చేతులు వెనక్కి దాచుకున్నారు.

"ఇక చాలు. ఇతని తెలివికి మెచ్చి ప్రాణాలతో పంపేద్దాం" అన్నాడు ధూమాంగుడు లేవబోతూ.

"మూడో ప్రశ్న ఎగ్గొడతారా ఆచార్యా?" అని తరళ విరుచుకుపడింది. "తీర్పు నిలబడ్డ మాటలు పీఠం మీంచి చదవాలని శాసనం. కొలువులో చదివినప్పుడు అంత గొంతు లేచిందే! ఇక్కడ ఏమొచ్చింది?"

"చదవండి ఆచార్యా, శాస్త్రం శాస్త్రమే కదా" అన్నాడు రాజు. ఈ వింతను చూడాలని అతనికీ ఉబలాటంగా ఉంది.

ధూమాంగుడు అంగీని పాదాల మీదికి లాక్కున్నాడు. గొణిగినట్టు చదివాడు. "దొంగలందరి కాళ్ళకూ ఎర్రమట్టి ఉంటుంది. ఆనాడు శరభుడి కాళ్ళకు ఎర్రమట్టి ఉంది. శరభుడు దొంగ అని తేలుతుందా?"

"తేలదు! ముమ్మాటికీ తేలదు! మట్టి దొంగలకే ఉంటుందని తమరు ఎక్కడన్నారు? రైతుకు ఉండదా? కుమ్మరికి ఉండదా? నడిచి వచ్చినవాడికి ఉండదా?"

గంట ఇంతకుముందు కన్నా గట్టిగా మోగింది. శరభుడి ముఖం విప్పారింది. కానీ ధూమాంగుడు చిన్నగా నవ్వాడు.

"దొంగ అని తేలలేదు, నిజమే. దొంగ కాదని మాత్రం తేలిందా? తేలనంతవరకూ శిక్ష శిక్షే. తీసుకుపొండి గద్దలబండకు."

తరళకు కళ్ళు ఎరుపెక్కాయి. ఆరోపించేవాడు రుజువు చెయ్యనక్కరలేదట, సంకెళ్ళలో ఉన్నవాడు తాను దొంగ కాదని చేసి చూపించాలట! ఏ దేశపు న్యాయం ఇది? భటులు శరభుడి జబ్బలు పట్టుకున్నారు. ఆమె చూపు అతని పగిలిన కాళ్ళ మీద పడింది. చుక్క నీరు తగలనివ్వని కాళ్ళు. వాటిని ఈ మండపంలో కడిగితే ఏం తేలుతుందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

వాకిట్లోకి దూకి గంగాళంలో బిందె ముంచింది. అడ్డొచ్చిన భటుణ్ణి భుజంతో నెట్టేసి, శరభుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"బాబూ, మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటి! తప్పు, తప్పు!" అని శరభుడు గింజుకున్నాడు.

"కదలకు!" అంటూ ఆమె నీళ్ళు పోసి రుద్దింది. ఎండిన మట్టి కరిగి చలువరాతి మీద ఎర్రటి పాయలై పారింది. లోపలి నుంచి పుళ్ళు పడ్డ, నల్లని, శుభ్రమైన పాదాలు బయటపడ్డాయి. తరళ లేచి అందరికీ వినబడేలా అంది.

"తమరు ఇంకా అడుగుతూనే ఉన్నారు కనుక పీఠం మాట ఇక్కడ ఇంకా నిజమే. దొంగలందరి కాళ్ళకూ ఎర్రమట్టి ఉంటుంది. దొంగైతే ఏడు సముద్రాలు పోసి కడిగినా అది పోకూడదు. శరభుడి కాళ్ళకు ఇప్పుడు మట్టి లేదు. కనుక శరభుడు దొంగ కాదు. ఇది తేలుతుందా లేదా?"

గంట మోగిన మోతకు కొలనులోని హంసలు లేచిపోయాయి. సంకెళ్ళు పుటుక్కున తెగి శరభుడి కాళ్ళ దగ్గర పడ్డాయి. అతను వాటిని చూసి, తరళను చూసి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆ సందడిలో రాజు కుంభీరవర్మ పీఠం మెట్లను చూశాడు. తెల్లని మెట్టు మీద, పట్టు అంగీ అంచు కింద, తడి ఎర్రమట్టి మరక. ఇందాకే కడుక్కుని వచ్చిన పాదాలవి.

"ఆచార్యా! మీ కాళ్ళకు ఎర్రమట్టి! అయితే మీరే..."

"వద్దు మహారాజా! ఆ మాట అనకండి!" అని కేక పెట్టింది తరళ. ఆమె నాలుక చివరా అదే మాట ఉంది. కానీ ఏ తప్పుడు లెక్కతో శరభుణ్ణి దొంగను చేశారో ఇదీ అదే లెక్క.

"...మీరే దొంగ!" అనేశాడు రాజు. కొలువులో అలవాటైన లెక్క కదా మరి. ఆ మాట నిజమే అయినా కావచ్చు. కానీ చెప్పిన మాటల్లోంచి అది తేలలేదు. కిరీటంతో సహా కుంభీరవర్మ రాయైపోయాడు, చూపుడువేలు చాచినవాడు చాచినట్టే.

సభ గొల్లుమంది. "ఈ విద్యార్థి రాజును రాయి చేశాడు! పట్టుకోండి!" అని ధూమాంగుడు అరిచాడు. భటులు కత్తులు దూశారు. తరళ బిందెలో మిగిలిన నీళ్ళు ఎత్తి పీఠం మీదికి ఉరికింది.

"ముందు తమరి కాళ్ళు కూడా కడుగుదాం ఆచార్యా! మీరు దొంగ కాకపోతే భయమెందుకు?"

నీళ్ళు చూడగానే ధూమాంగుడు తేలును తొక్కినవాడిలా గెంతాడు. పీఠం దిగి, అంగీ ఎత్తి పట్టుకుని, అడుగడుగునా ఎర్రమరకలు వేస్తూ వెనక తలుపు వైపు పరుగు తీశాడు. శరభుడు తెగిన గొలుసు అందుకుని అతని వెంట పడ్డాడు. ఖాళీగా ఉన్న పీఠం మీదికి తరళ ఒక్క దూకు దూకింది.

ఇప్పుడు ఆమె నోటి మాట నిజమవుతుంది. ధూమాంగుడు దొంగ అంటే చాలు, దొంగ అయిపోతాడు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఛీ! నోటితో మనిషిని దొంగను చేసే పని వాడిది, నాది కాదు, అనుకుని మింగేసింది. ఎదురుగా బిల్వకుడు సగం మాటతో నిలబడి ఉన్నాడు. అతని వెనక చేతులు జోడించిన ముసలమ్మ, ఆ వెనక ఇంకెవరో, ఆ వెనక ఇంకెందరో. ఆమెలో కోపం కట్టలు తెంచుకుంది.

"ఈ మండపంలోని స్తంభాలన్నీ మనుషులే!" అని అరిచింది.

రాళ్ళకు రంగు వచ్చింది. బిల్వకుడు "...తప్పు బాబూ!" అంటూ కూలబడ్డాడు. ముసలమ్మ చేతులు విడదీసి ముఖం తడుముకుంది. కుంభీరవర్మ చాచిన వేలు దించి బిత్తరపోయి చూశాడు. మండపమంతా ఏడుపులు, నవ్వులు, పేర్లు పెట్టి పిలుపులు.

వాళ్ళ మధ్య ఇంకొందరు కూడా ఉన్నారు. తల్లి కనని మనుషులు, శిల్పులు ఉత్త రాతిలో చెక్కిన మనుషులు, పేరు అడిగితే చెప్పలేక కళ్ళార్పుతూ నిలబడ్డారు. వాళ్ళ తలల మీదా ఇప్పుడు ఏ బరువూ లేదు.

తరళ పైకి చూసింది. కొన్ని అనవలసిన చోట అన్నీ అంది. పగడపు కప్పు ఈ చివర నుంచి ఆ చివర దాకా పగిలి, చిరుగంటలన్నీ ఒక్కసారి మోగుతుండగా, కింద ఉన్న అందరి మీదికీ ఒరిగింది.